రైలు సిమ్యులేటర్‌లో నేపథ్య రాకపోకలు: పలాస–విజయనగరం–కొత్తవలస మార్గం

రైలు సిమ్యులేటర్‌లో ఆటగాడు నడిపే బండి ఒక్కటే. అదే మార్గంలో కంప్యూటర్ తనంతట తాను నడిపే మిగతా బండ్లన్నిటినీ కలిపి నేపథ్య రాకపోకలు అంటారు. అభిమానుల వాడుకలో ఏఐ ట్రాఫిక్. ఎదురొచ్చే ఎక్స్‌ప్రెస్, లూపు లైనులో దారి కోసం కాచుకున్న గూడ్సు, ప్లాట్‌ఫాం మీద ఆగిన పాసింజరు, యార్డులో షంటింగ్ ఇంజను, గూడ్సు షెడ్డు పక్కన కదలకుండా పడి ఉన్న రేకు (పెట్టెల లేదా వ్యాగన్ల వరుస), ఇవన్నీ ఇందులోకే వస్తాయి. పట్టాలు, వంతెనలు, తాటిచెట్లు ఎంత శ్రద్ధగా పేర్చినా ఈ బండ్లు లేని మార్గం బంద్ రోజు బస్టాండులా ఉంటుంది. అలాగని దొరికిన బండినల్లా వదిలితే బొమ్మల కొలువు తయారవుతుంది. ప్రతి బండీ ఎక్కడి నుంచి వచ్చింది, ఏం మోస్తోంది, ఎవరికి దారి ఇవ్వడానికి ఆగింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉంటేనే చూసేవాడికి నమ్మకం కుదురుతుంది.

ఇళ్లలోని కంప్యూటర్ల మీదికి ఈ ఆట పెద్ద ఎత్తున వచ్చింది 2001లో. బ్రిటన్‌లోని కుజు సంస్థ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, ఆస్ట్రేలియాకు చెందిన ఆరాన్ సంస్థ ట్రెయిన్జ్ రెండూ ఆ ఏడాదే విడుదలయ్యాయి. 2007లో వచ్చిన రైల్ సిమ్యులేటర్ తర్వాత డవ్‌టెయిల్ గేమ్స్ చేతికి వెళ్లి ట్రైన్ సిమ్యులేటర్ పేరుతో కొనసాగింది. మైక్రోసాఫ్ట్ తన ఆటను వదిలేశాక, దాని మార్గాలను, బండ్లను చదవగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్‌గా ఓపెన్ రైల్స్ పుట్టింది. భారతీయ అభిమానులు ఏళ్ల తరబడి తయారుచేసిన ఐసీఎఫ్ పెట్టెలు, డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజన్లు చాలావరకు ఈ పాత పద్ధతిలోనే ఉండటంతో మన మార్గాలు కట్టేవారికి ఓపెన్ రైల్స్ బాగా అక్కరకొచ్చింది.

మార్గం, దాని తీరు

ఉత్తరాంధ్ర రైలు పటం చిన్నదే గాని అందులో కలగలుపు ఎక్కువ. హౌరా–చెన్నై మెయిన్ లైను ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి సోంపేట, మందస రోడ్డు, పలాస, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం చేరుతుంది. అక్కడి నుంచి కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస దాటి విశాఖపట్నం వెళుతుంది. 1893–1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన దారి ఇది. పలాస నుంచి విజయనగరానికి సుమారు 143 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు సుమారు 61.

ఈ వెన్నెముకకు నాలుగు కొమ్మలున్నాయి. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వైపు వెళ్లే లైను 1931 నాటికి పూర్తయింది. బొబ్బిలి నుంచి సాలూరుకు చిన్న శాఖ ఉంది. ఒకప్పుడు దాని మీద రైలుబస్సు తిరిగేది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే లైను 1900లో రెండున్నర అడుగుల నేరోగేజిగా మొదలైంది. 2004లో దాన్ని మూసి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో గుణుపూర్ దాకా తెరిచారు. నాలుగోది కొత్తవలస–కిరందుల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో వేసిన ఈ లైను 58 సొరంగాలతో, సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున్న సిమిలిగూడ మీదుగా పోతుంది.

సిమ్యులేటర్‌కు పనికొచ్చే మొదటి పాఠం ఈ పటంలోనే ఉంది. ఒక లైను మీద కనిపించే బండి ఇంకో లైను మీద కనిపించకపోవచ్చు. కిరందుల్ నుంచి ఖనిజంతో విశాఖ ఓడరేవుకు దిగే రేకు కొత్తవలసలోనే మెయిన్ లైనులో కలుస్తుంది. అది విజయనగరం ముఖం చూడనవసరం లేదు. అయినా విజయనగరం యార్డు అనగానే ఎర్రమట్టి పూసుకున్న ఖనిజం రేకులు నాలుగు పెట్టడం అభిమానులకు అలవాటు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గాని, ఆ ఊరి మనిషికి మొదట దొరికిపోయే తప్పు అదే.

గీతల కాగితం

రైల్వేలో రాకపోకల అసలు రూపం చార్టు. కాగితం మీద అడ్డంగా సమయం, నిలువుగా స్టేషన్లు. ప్రతి బండీ ఏటవాలుగా సాగే ఒక గీత. వేగంగా పోయే బండి గీత నిటారుగా ఉంటుంది, గూడ్సు గీత వాలి ఉంటుంది, ఆగిన బండి గీత అడ్డంగా పడుకుంటుంది. కంట్రోలు ఆఫీసుల్లో సెక్షను కంట్రోలరు పూర్వం పెన్సిలుతో గీసిన ఈ గీతలే ఇప్పుడు కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్నాయి. డబుల్ లైను మీద ఎదురెదురు గీతలు ఎక్కడైనా ఒకదాన్నొకటి కోసుకోవచ్చు. ఒకే దిశలో పోయే రెండు గీతలు కలిసేది మాత్రం స్టేషను దగ్గరే కావాలి, ఎందుకంటే ముందు బండిని పక్కకు తీసే లూపు లైను ఉండేది అక్కడే. సింగిల్ లైనయితే ఎదురెదురు గీతలకూ అదే నియమం.

సిమ్యులేటర్‌లో బండ్లు పెట్టేవారు సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఇలాంటి చార్టు ఒకటి గీసుకుంటే సగం పని అయినట్టే. ప్రయాణికుల బండ్ల సమయాలు బహిరంగంగా దొరికే టైం టేబుల్‌లోనే ఉన్నాయి. వాటి గీతలు ముందు పడితే, మధ్యలో మిగిలిన ఖాళీలే గూడ్సులకు దొరికే దారి. నిజమైన కంట్రోలరు చేసేదీ ఇంచుమించు ఇదే.

ఒక లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. విజయనగరం నుంచి పలాస వైపు గంటకు 60 కిలోమీటర్ల సగటు వేగంతో ఒక గూడ్సు బయలుదేరింది. పావుగంట వెనక 100 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఎక్స్‌ప్రెస్ అందుకునే సరికి గూడ్సు 37, 38 కిలోమీటర్ల దూరంలో, అంటే చీపురుపల్లి దాటాక ఉంటుంది. చీపురుపల్లి విజయనగరానికి సుమారు 30 కిలోమీటర్లు. గూడ్సు అక్కడికి 30వ నిమిషంలో, ఎక్స్‌ప్రెస్ 33వ నిమిషంలో చేరతాయి. కాగితం మీద మూడు నిమిషాలు ఎడం ఉంది కదా అని చీపురుపల్లి లూపులో పెడితే పప్పులో కాలేసినట్టే. లైను మార్చే ఒకటికి పన్నెండు వాలు కాంటా మీదుగా లూపులోకి మళ్లే బండి వేగం మామూలుగా 30 కిలోమీటర్లకు మించకూడదు. ఆ వేగంతో 650 మీటర్ల రేకు తన పొడవు తాను దాటడానికే 78 సెకన్లు పడుతుంది. దానికి ముందు వేగం తగ్గించుకోవడానికి ఇంకొంత. అది పూర్తిగా లోపలికి వెళ్లి, కాంటాలు తిరిగి, మెయిన్ లైను సిగ్నళ్లు వరుసగా ఆకుపచ్చకు వచ్చే లోపు ఎక్స్‌ప్రెస్ డ్రైవరుకు పసుపు, ఆపైన ఎరుపు ఎదురవుతాయి. కాబట్టి ఆరేడు కిలోమీటర్లు ముందే, గరివిడిలోనే గూడ్సును పక్కన పెట్టాలి. ఆటగాడు ఆ ఎక్స్‌ప్రెస్‌ను నడుపుతుంటే గరివిడి లూపులో ఆగిన గూడ్సు ఇంజను హెడ్‌లైటు మందగించి ఉండటం, పక్కనుంచి తాను దూసుకుపోవడం చూస్తాడు. అదే గూడ్సును నడిపేవాడయితే ఎరుపు ముందు పదిహేను నిమిషాలు కూర్చుంటాడు. రెండూ నిజమైన అనుభవాలే. రెండోది కొనేవాళ్లు తక్కువని వ్యాపార సంస్థలు దాన్ని తీసేస్తుంటాయి.

ఒక గంటలో ఎన్ని బండ్లు పడతాయన్నది సిగ్నళ్ల పద్ధతి తేలుస్తుంది. అబ్సల్యూట్ బ్లాకు పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక్క బండే ఉండాలి. స్టేషన్ల మధ్య 8 కిలోమీటర్లుంటే 50 వేగంతో పోయే గూడ్సుకు పది నిమిషాలు పడుతుంది. సిగ్నళ్లు మార్చే వ్యవధి కలుపుకుంటే గంటకు ఒక దిశలో నాలుగైదు బండ్లే గరిష్ఠం. ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట అదే దూరంలో ఒకదాని వెనక ఒకటి రెండు మూడు బండ్లు నడుస్తాయి. విజయనగరం–కొత్తవలస మధ్య అలాంటి దగ్గరి నడక కనిపిస్తుంది. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి–అలమండ మధ్య విశాఖపట్నం–పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొని 14 మంది చనిపోయిన ప్రమాదం జరిగింది ఆ సెక్షనులోనే. సిమ్యులేటర్‌లోని నేపథ్య బండి ఎరుపును ఎన్నడూ దాటదు, సిగ్నలు చెడిపోయినప్పుడు పాటించే నియమాలూ దానికి తెలియవు. ఆ మేరకు తెర మీది రైల్వే అసలు కన్నా అమాయకమైనది.

ప్రయాణికుల బండ్లు

మెయిన్ లైను మీద తిరిగే దూరప్రయాణపు బండ్లలో హౌరా–చెన్నై మెయిల్, కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, కోణార్క్, విశాఖ, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లు ఈ జిల్లాల వారికి ఇంట్లో మనుషుల్లా తెలిసినవి. రాయగడ లైను మీద సమతా ఎక్స్‌ప్రెస్, కోర్బా, ధన్‌బాద్–అలెప్పీ బండ్లు వస్తాయి. 2024లో భువనేశ్వర్ వైపు నుంచి ఒకటి, దుర్గ్ నుంచి ఇంకొకటి, మొత్తం రెండు వందేభారత్‌లు విశాఖకు మొదలయ్యాయి. వీటికి తోడు విశాఖ నుంచి పలాసకు, రాయగడకు, గుణుపూర్‌కు తిరిగే పాసింజర్లు, మెమూలు ఉన్నాయి. ఉద్యోగులు, విద్యార్థులు, విశాఖ ఆస్పత్రులకు వెళ్లేవారు ఎక్కేవి ఇవే. నేపథ్య బండ్లలో వీటి వాటా తగ్గించి ఎక్స్‌ప్రెస్‌లే పేర్చే మార్గాలు ఎక్కువ. చిన్న స్టేషనుకు జీవం పోసేది మాత్రం పాసింజరే. ఎక్స్‌ప్రెస్ కోసం పొందూరులో పాసింజరును పక్కన పెట్టారంటే, తలుపుల దగ్గర జనం దిగి నిలబడతారు. ఆ దృశ్యం ఏ ఎక్స్‌ప్రెస్సూ ఇవ్వలేదు.

ఏ బండి పగలు వస్తుంది, ఏది రాత్రి వస్తుందన్నది బండి రంగు కన్నా ముఖ్యం. ఇటీవలి టైం టేబుళ్ల ప్రకారం కోరమాండల్ దక్షిణానికి వెళ్లేటప్పుడు ఈ జిల్లాలను దాటేది అర్ధరాత్రి తర్వాత, చెన్నై నుంచి తిరిగి వచ్చేటప్పుడు రాత్రి తొలి జాములో. మిట్టమధ్యాహ్నం ఎండలో నాగావళి వంతెన మీద కోరమాండల్ పరుగెత్తే సన్నివేశం ఎంత అందంగా ఉన్నా ఆమదాలవలసలో ఎవరూ నమ్మరు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆ ఊళ్లోనే. శ్రీకాకుళం పట్టణం అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు.

పెట్టెల వరుసలో ఒక మెలిక ఉంది. హౌరా నుంచి విజయవాడ వైపు పోయే బండ్లలో విశాఖ స్టేషనులోకి వెళ్లేవాటికి అక్కడ ఇంజను ఒక చివర నుంచి ఇంకో చివరకు మారుతుంది. విజయవాడలో తీసిన ఫొటో చూసి పెట్టెలు పేరిస్తే విజయనగరం దగ్గర వరుస తలకిందులవుతుంది. విశాఖకు వెళ్లకుండా సింహాచలం నార్త్ నుంచి దువ్వాడకు బైపాస్ పట్టే బండ్లకు ఈ తిరకాసు లేదు. విజయనగరంలోనూ ఇలాంటిదే ఇంకొకటి ఉంది. పలాస లైను, రాయగడ లైను రెండూ స్టేషనుకు ఒకే వైపు నుంచి విడిపోతాయి. అందుకే భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఇంజను మార్చుకుని వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరుతుంది. ఇంజను విడిపోవడం, పక్క లైను మీదుగా అటు చివరకు రావడం, మళ్లీ తగిలించడం, బ్రేకు పరీక్ష, ఇంత పనీ ప్లాట్‌ఫాం పక్కన నేపథ్యంలో జరిగితే మార్గానికి అంతకు మించిన అలంకారం అక్కర్లేదు.

పండగలకు లెక్క మారుతుంది. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నైల నుంచి వలస కూలీలు, ఉద్యోగులు ఇళ్లకు తిరిగివస్తారు. సున్నాతో మొదలయ్యే నంబర్లతో ప్రత్యేక బండ్లు వేస్తారు. అయిదంకెల నంబర్లు వచ్చింది 2010 డిసెంబరులో కాబట్టి, అంతకు ముందు కాలాన్ని చూపే మార్గంలో పెట్టెల మీది బోర్డులకు నాలుగంకెలే ఉండాలి.

గూడ్సు బండ్లు

సరుకు రవాణాకు బహిరంగ టైం టేబుల్ లేదు. అసలు కష్టం ఇక్కడే. అసలు రుచీ ఇక్కడే. టైం టేబుల్ లేని చోట సరుకు పుట్టుక, గమ్యం చూసుకుని బండ్లను ఊహించాలి. ఉత్తరం నుంచి తాల్చేరు బొగ్గు మెయిన్ లైను మీదుగా దక్షిణానికి దిగుతుంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రానికి బొగ్గు వెళ్లేది ఇలాగే. ఆ రేకులు ఖాళీగా ఉత్తరానికి తిరిగిపోతాయి. ఇంకోవైపు విశాఖ, గంగవరం రేవుల్లో దిగిన విదేశీ బొగ్గు విజయనగరం నుంచి రాయగడ లైను ఎక్కి ఛత్తీస్‌గఢ్ వైపు పోతుంది. కాబట్టి విజయనగరంలో బొగ్గు నిండిన బండ్లు రెండు దిక్కులా తిరుగుతుంటాయి. ఎటు పోయేది లోడు, ఎటు వచ్చేది ఖాళీ అన్నది లైను లైనుకూ తేడా. దమన్‌జోడిలోని నాల్కో అల్యూమినా పొడి ప్రత్యేకమైన ట్యాంకు వ్యాగన్లలో కొత్తవలస మీదుగా రేవుకు వస్తుంది. ఛత్తీస్‌గఢ్ బియ్యం మూత వ్యాగన్లలో దిగుతుంది. విశాఖ ఉక్కు, ఎరువులు, పెట్రోలు ట్యాంకర్లు, కంటైనర్లు వీటికి తోడు. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, నెల్లిమర్లలో జనపనార మిల్లు ఈ దారి పక్కనే ఉన్నాయి. ఇలాంటి చోట సైడింగులో పది వ్యాగన్లు నిలబెట్టినా ఆ ఊరి కథ తెలుస్తుంది.

రేకు పొడవు విషయంలో లెక్క కచ్చితంగా ఉండాలి. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగను కప్లర్ నుంచి కప్లర్‌కు 10.713 మీటర్లు. మామూలు రేకులో 58 వ్యాగన్లు, చివర బ్రేక్ వ్యాను, ముందు ఇంజను. మొత్తం 650 మీటర్లు దాటుతుంది. మన లూపు లైన్లలో బండి నిలిచే చోటు ప్రామాణిక పొడవు 686 మీటర్లు, కాబట్టి అది అందులో సరిగ్గా ఇముడుతుంది. కంప్యూటర్ మొరాయిస్తోందని 20 వ్యాగన్లతో గూడ్సు తయారుచేస్తే, లూపులో మూడొంతుల్లో రెండొంతులు ఖాళీగా కనిపించి బండి బొమ్మలా తేలిపోతుంది. బండ్ల సంఖ్య తగ్గించుకోవడం మేలు, పొడవు తగ్గించడం కాదు.

వ్యాగన్లన్నీ ఒకే శుభ్రతతో, ఒకే రంగులో ఉండటం ఇంకో లోపం. నిజమైన రేకులో నాలుగైదు రకాల పాతదనం కలిసి ఉంటుంది. కొన్నిటి మీద బొగ్గు నలుపు, కొన్నిటి మీద ఖనిజపు ఎరుపు, ఒకటి రెండు వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చిన నిగనిగ. బొగ్గు కుప్ప పైభాగం వ్యాగను వ్యాగనుకూ వేరుగా ఉండాలి. ఇంజను పక్కన రాసి ఉండే షెడ్డు పేరూ చూసుకోవాలి. విశాఖపట్నం, అంగుల్, సంత్రాగాచి, హౌరా, లాలాగూడ, విజయవాడ షెడ్ల ఇంజన్లు ఈ దారిన సహజంగా కనిపిస్తాయి. ఎక్కడో పడమటి షెడ్డు పేరున్న ఇంజను అప్పుడప్పుడు గూడ్సు ముందు రావచ్చు గాని, ప్రతి బండికీ అదే తగిలిస్తే అతకదు.

శాఖా లైన్లు

నౌపడ–గుణుపూర్, బొబ్బిలి–సాలూరు లైన్ల మీద బండ్లు తక్కువ. అక్కడ నేపథ్యం అంటే చాలాసేపు నిశ్శబ్దమే. గుణుపూర్ పాసింజరు పోయాక గంటల తరబడి ఏ బండీ రాకపోవడం ఆ లైనుకు నిజం. దాన్ని నింపాలని చూడకూడదు. పాతపట్నంలో గేటు పడి ఆటోలు ఆగడం, బండి దాటాక గేటు లేవడం, ఆపైన మళ్లీ ఖాళీ పట్టాలు, అంతే.

ఏ కాలం

మార్గం ఏ సంవత్సరానిదో తేల్చుకోకుండా బండ్లు పెట్టడం తేదీ వేయని ఉత్తరం లాంటిది. 2005 ప్రాంతానికి హౌరా–చెన్నై మార్గమంతా విద్యుదీకరణ అయ్యింది. విద్యుదీకరణకు ముందటి పలాస–విజయనగరం సెక్షనులో తీగలు, స్తంభాలు ఉండకూడదు, వాల్తేరు షెడ్డు డీజిళ్లే ముందుండాలి. నౌపడలో 2004కు ముందు కాలమైతే పక్కనే నేరోగేజి ప్లాట్‌ఫాం, బుల్లి పెట్టెలు కావాలి. కొత్తవలస–కిరందుల్ లైను విద్యుదీకరణ మాత్రం 1980ల తొలినాళ్లకే అయిపోయింది. ఆ లైను మీద తిరిగిన డబ్ల్యూఏజీ-6 తరగతి ఇంజన్లను స్వీడన్ నుంచి ఆరు, జపాను నుంచి పన్నెండు తెప్పించి విశాఖ షెడ్డులో ఉంచారు. దేశంలో మరెక్కడా లేని ఆ ఇంజన్లు 1990ల మార్గంలో ఉంటే అది పరిశోధన, 2020ల మార్గంలో ఉంటే పొరపాటు. ఇప్పటి కాలానికి గూడ్సుల ముందు డబ్ల్యూఏజీ-9, ఎక్స్‌ప్రెస్‌ల ముందు డబ్ల్యూఏపీ-7 ఎక్కువగా సరిపోతాయి. అరకు వెళ్లే కిరందుల్ పాసింజరుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించింది 2017లో.

ప్రకృతి కూడా రాకపోకల్లో భాగమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు హౌరా–చెన్నై మార్గంలో బండ్లు నిలిచిపోయాయి, కొన్నిటిని దారి మళ్లించారు. ఆ మర్నాటి పరిస్థితిని సన్నివేశంగా కడితే స్టేషన్ల లూపుల్లో ఆగిపోయిన బండ్లు, మెయిన్ లైను మీద మెల్లగా కదిలే, తీగలు సరిచేసే టవర్ వ్యాగను, పెట్టెలు లేకుండా ఒంటరిగా పోయే లైటు ఇంజను తప్ప మరేమీ అవసరం లేదు. మామూలు రోజుల్లోనూ పట్టాల మరమ్మతుకు కొన్ని గంటలు లైను మూస్తారు. అప్పుడు రెండో లైను మీదే ఇరుదిక్కుల బండ్లూ వంతులవారీగా నడుస్తాయి.

సాఫ్ట్‌వేర్ చేసే పని, చేయని పని

మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో నేపథ్య బండికి మూడు అంచెలున్నాయి. పెట్టెల వరుస కన్సిస్ట్, పట్టాల మీద అది పట్టే దారి పాత్, ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పేది సర్వీసు. కొన్ని సర్వీసులకు బయలుదేరే సమయాలు చేర్చి ట్రాఫిక్ ఫైలుగా కడతారు. ఆ ఫైలును యాక్టివిటీకి, అంటే ఆటగాడు ఆడే సన్నివేశానికి తగిలిస్తారు. కదలని వ్యాగన్లను విడిగా పెట్టాలి. ఆటగాడి బండి ఆలస్యమైతే మిగిలినవి సర్దుకోలేక ఎదురెదురుగా ఇరుక్కుపోవడం దీనిలో మామూలు జబ్బు.

ఓపెన్ రైల్స్‌లో ఈ పద్ధతితో పాటు టైం టేబుల్ పద్ధతి కూడా ఉంది. స్ప్రెడ్‌షీట్‌లో నిలువు వరుసకు ఒక బండి, అడ్డు వరుసకు ఒక స్టేషను. గడిలో రాక, పోక సమయాలు. కింద ఒక గడిలో, ప్రయాణం ముగిశాక ఆ రేకు ఏమవ్వాలో రాస్తారు. పలాసకు చేరిన పాసింజరు మాయం కాకుండా, అదే రేకు కాసేపటికి విశాఖ పాసింజరుగా తిరిగి బయలుదేరేది ఈ ఏర్పాటు వల్లనే. ఒక బండి ఇంకో బండి కోసం ఆగడం, పెట్టెలు కలపడం, విడదీయడం కూడా ఆదేశాలుగా రాయవచ్చు. ఆ పట్టికలో ఏ బండినైనా ఆటగాడు తనదిగా ఎంచుకోవచ్చు, మిగిలినవన్నీ నేపథ్యమవుతాయి. మన దేశపు డబుల్ లైను మార్గాలకు ఇంతకన్నా అనువైన పద్ధతి ప్రస్తుతం లేదనే చెప్పాలి.

ట్రెయిన్జ్‌లో దారి వేరు. అక్కడ ప్రతి బండికీ ఒక డ్రైవరు, అతనికి వరుసగా ఆదేశాలు. మార్గం అంచుల్లో పోర్టళ్లు పెడితే బండ్లు వాటి నుంచి పుట్టుకొస్తాయి, తిరిగి వాటిలోకి వెళ్లిపోతాయి. మిగతా సిమ్యులేటర్లలో ఇదే పని చేయడానికి మార్గం చివరల బయట, కంటికి కనపడని చోట కొన్ని లైన్లు అదనంగా వేస్తారు. పలాస–విజయనగరం మార్గం వరకే కట్టేవారు పలాసకు ఉత్తరాన, కోరుకొండకు దక్షిణాన, రాయగడ లైను మీద గోట్లాం స్టేషను దాటాక, ఇలాంటి చోట్ల ఆ దాపుడు లైన్లు వేసుకోవాలి. ఒక్కో దానిలో నాలుగైదు బండ్లు పడితే చాలు. వీటిని మరిస్తే బండ్లు ప్లాట్‌ఫాం మీదే పుట్టి ప్లాట్‌ఫాం మీదే కరిగిపోతాయి.

ఇరుక్కుపోవడాన్ని తగ్గించే ఉపాయాలు కొన్ని అనుభవంలో తేలినవి. ఒక్కో లూపుకు ఒక వేళలో ఒకే బండిని కేటాయించాలి. ప్రతి దారికీ ముగింపు సిగ్నలు దాటాక ఉండాలి. విజయనగరం లాంటి జంక్షనులో, పైవంతెన లేకపోతే, ఎడమ వైపు నడిచే మన పద్ధతిలో రాయగడ నుంచి విశాఖ వైపు వచ్చే బండి పలాస వైపు పోయే లైనును అడ్డంగా దాటాలి. ఆ దాటుకు కనీసం అయిదారు నిమిషాలు ఖాళీ ఉంచకపోతే గంట గడిచేలోపు అన్ని సిగ్నళ్లూ ఎర్రబడతాయి. నేపథ్య బండ్లకు సాఫ్ట్‌వేర్ పూర్తి భౌతిక లెక్కలు వేయదు. అందుకే 58 వ్యాగన్ల లోడు కూడా పాసింజరులా చటుక్కున కదులుతుంది. గరిష్ఠ వేగాన్ని, సామర్థ్యపు శాతాన్ని తగ్గించి ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చవచ్చు.

చివరిగా తేదీ సంగతి. బండ్ల సమయాలు, నంబర్లు, రేకులు ఏటేటా మారుతుంటాయి. ఒకప్పుడు హౌరాలో బయలుదేరిన కోరమాండల్ ఇప్పుడు షాలిమార్ నుంచి వస్తోంది. పలాసకు ఈవల వాల్తేరు డివిజను, ఆవల ఖుర్దా రోడ్డు డివిజను అన్న పాత సరిహద్దు కథ కూడా కదులుతోంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో వాల్తేరును విశాఖపట్నం, రాయగడ డివిజన్లుగా విడదీయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కాబట్టి నేపథ్య బండ్ల ఫైలు పంచుకునేవారు అది ఏ సంవత్సరపు టైం టేబుల్ ప్రకారం తయారైందో ఫైలు పేరులోనే రాసి ఉంచాలి.